సీహెచ్‌మాడ్ 444 పెట్టిన మార్కుల ఫైలు ఎలా పోయింది?

తెనాలి_ల్యాబ్ · సోమవారం ఉదయం 9:52

అందరికీ నమస్కారం. చాలా టెన్షన్‌లో రాస్తున్నాను. నేను ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. ఒకే ఒక్క ఉబుంటు సర్వర్ ఉంది. 58 మంది పిల్లలు దాంట్లోకి ఎస్ఎస్‌హెచ్‌తో లాగిన్ అయి సి ప్రోగ్రాములు రాస్తారు. అందరికీ కలిపి "రికార్డు" అని ఒక ఫోల్డర్ ఉంది. అందులో ఎవరి రోల్ నంబరుతో వాళ్లు ఒక ఫోల్డర్ తయారుచేసుకుని ప్రోగ్రాములు పెట్టుకుంటారు. నేను దిద్ది, ఇంటర్నల్ మార్కులు పైనున్న "రికార్డు"లోనే ఒక ఫైల్లో వేస్తాను. పిల్లలు మార్కులు చూసుకోవాలి, మార్చకూడదు. అందుకని ఆ ఫైలుకి సీహెచ్‌మాడ్ కమాండ్‌తో 444 ఇచ్చాను, అంటే ఎవరైనా చదవొచ్చు, ఎవరూ రాయకూడదు. ఓనర్ని నేనే. మార్కులు ఎక్కించే రోజు మాత్రం 644 (నాకొక్కడికే రాసే హక్కు) చేసుకుని, పనయ్యాక మళ్లీ 444 చేస్తాను.

పొద్దున వచ్చి చూస్తే ఫైలు లేదు. పిల్లల ఫోల్డర్లన్నీ ఉన్నాయి, మార్కుల ఫైలు ఒక్కటే పోయింది. శుక్రవారం సాయంత్రం తీసిన కాపీ ఉంది కానీ, శనివారం రెండు గంటలు కూర్చుని ఎక్కించిన మార్కులు అందులో లేవు. సర్వర్ మీద సర్వాధికారం ఉన్న రూట్ అకౌంటు పాస్‌వర్డ్ నాకూ మా హెచ్‌ఓడీ గారికీ తప్ప ఎవరికీ తెలియదు. సర్వర్ హ్యాక్ అయిందా? బుధవారం మార్కులు పంపాలి.


గోదారి_వెబ్ · సోమవారం ఉదయం 10:05

444 ఉన్న ఫైలుని రూట్ తప్ప ఇంకెవరూ తీసేయలేరు అన్నా. ఎవరో రూట్ సంపాదించారు. నెట్ కేబుల్ పీకేసి, సర్వర్ మొత్తం ఫార్మాట్ కొట్టి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోండి. ఆలస్యం చేయకండి.


పాత_కన్సోల్ · సోమవారం ఉదయం 10:11

తెనాలి బాబూ, ఫార్మాట్ వద్దు, రీబూట్ అసలే వద్దు. ఏ మిషన్లో ఏ విండో తెరిచి ఉంటే అది అలాగే ఉండనివ్వండి, ఎవర్నీ ముట్టుకోనివ్వకండి.

రెండు విషయాలు చెప్పండి. ఒకటి, "రికార్డు" ఫోల్డర్ మీద, పర్మిషన్లు చూపించే ఎల్ఎస్ మైనస్ ఎల్‌డీ కొడితే ఏం వస్తోంది? ఫైలుది కాదు, ఫోల్డర్‌ది కావాలి. రెండు, ఆ మార్కుల ఫైలు ఎక్కడైనా, ఏ టెర్మినల్లోనైనా ఇంకా తెరిచి ఉందా?


తెనాలి_ల్యాబ్ · సోమవారం ఉదయం 10:19

మాస్టారూ, ఫోల్డర్‌కి ఇలా ఉంది: మొదట డి, తర్వాత ఆర్‌డబ్ల్యుఎక్స్, మళ్లీ ఆర్‌డబ్ల్యుఎక్స్, చివర మూడు గీతలు. ఓనర్ నేను, గ్రూపు "విద్యార్థులు". అంటే నాకూ వాళ్లకీ చదివే (ఆర్), రాసే (డబ్ల్యు), లోపలికెళ్లే (ఎక్స్) హక్కులు మూడూ ఉన్నాయి, బయటివాళ్లకి ఏమీ లేదు.

రెండోదానికి, అవును. శనివారం మార్కులు ఎక్కించాక సరిచూసుకోవడానికి నా టేబుల్ మీద సిస్టమ్‌లో లెస్ అనే ఫైలు చూసే ప్రోగ్రాముతో తెరిచాను. అది మూయకుండానే ఇంటికెళ్లిపోయాను. యూపీఎస్ ఉంది కాబట్టి ఇప్పటికీ తెరిచే ఉంది.


పాత_కన్సోల్ · సోమవారం ఉదయం 10:27

అయితే మీ ఫైలు ఎక్కడికీ పోలేదు. ఆ లెస్ విండోలో క్యూ నొక్కి మూసేయకండి, అంతే.

సర్వర్‌లోకి మీ పేరుతోనే ఇంకో టెర్మినల్ తెరవండి. పీఎస్ కమాండ్‌తో ఆ లెస్ ప్రాసెస్ నంబరు పట్టుకోండి. తర్వాత నడుస్తున్న ప్రోగ్రాముల వివరాలుండే ప్రాక్ డైరెక్టరీలోకి వెళ్లి, ఆ నంబరున్న ఫోల్డర్‌లో ఎఫ్‌డీ అనే ఫోల్డర్ మీద ఎల్ఎస్ మైనస్ ఎల్ కొట్టండి. సున్నా, ఒకటి, రెండు, మూడు అని వరసగా లింకులు కనిపిస్తాయి. వాటిల్లో ఒకటి మీ మార్కుల ఫైలు దారి చూపిస్తూ, పక్కన బ్రాకెట్లో డిలీటెడ్ అని ఉంటుంది. లెస్‌కి మామూలుగా అది నాలుగో నంబరు. దాన్ని సీపీ కమాండ్‌తో మీ హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. ఎమ్‌వీ కాదు, సీపీ.


తెనాలి_ల్యాబ్ · సోమవారం ఉదయం 10:41

వచ్చేసింది మాస్టారూ! నాలుగో నంబరే. శనివారం వేసిన మార్కులతో సహా 58 మందివీ ఉన్నాయి. చేతులు వణికాయి కొట్టేటప్పుడు. మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

కానీ నాకొకటి అర్థం కావాలి. పోయిన ఫైలు ఎలా ఉంది? అసలు 444 ఉన్నది ఎలా పోయింది?


పాత_కన్సోల్ · సోమవారం మధ్యాహ్నం 12:30

భోజనం చేసి కూర్చున్నాను, వివరంగా రాస్తాను. నేను యూనిక్స్ మిషన్ల మీద పని మొదలుపెట్టిన కొత్తలో ఇదే దెబ్బ తిన్నాను కాబట్టి మీ కంగారు నాకు బాగా తెలుసు.

యూనిక్స్‌లో, దాని బాటలోనే వచ్చిన మీ లైనక్స్‌లో కూడా, ఫైలుకీ ఫైలు పేరుకీ సంబంధం మనం అనుకున్నంత దగ్గరిది కాదు. ఫైలు అంటే డిస్కు మీద కొన్ని బ్లాకులు, వాటి వివరాలు రాసి ఉండే ఒక ఐనోడ్. ఓనర్ ఎవరు, గ్రూపు ఏది, 444 నా 644 నా అన్నవన్నీ ఆ ఐనోడ్‌లో ఉంటాయి. పేరు మాత్రం అందులో ఉండదు. పేరు ఉండేది డైరెక్టరీలో. డైరెక్టరీ అంటే ఒక పుస్తకం లాంటిది. ఒక్కో వరసలో ఒక పేరు, దానికెదురుగా ఒక ఐనోడ్ నంబరు. ఎల్ఎస్ మైనస్ ఐ కొడితే ఆ నంబర్లు మీ కళ్లకే కనిపిస్తాయి.

ఊళ్లో పొలం ఒకచోట ఉంటుంది, దాని వివరం అడంగల్లో ఉంటుంది. ఈ పొలంలో నాగలి పెట్టకూడదని మీరు గట్టు మీద బోర్డు పెట్టారు. అది 444. కానీ అడంగల్ పుస్తకాన్ని ఊరందరి చేతికీ కలంతో సహా ఇచ్చారు. అది ఫోల్డర్‌కి గ్రూపు డబ్ల్యు. ఎవరో వచ్చి ఆ వరస కొట్టేశారు. పొలంలో ఎవరూ అడుగుపెట్టలేదు, మీ బోర్డు చెక్కుచెదరలేదు. రాత జరిగింది పుస్తకంలో, ఆ పుస్తకంలో రాసే హక్కు మీరే ఇచ్చారు.

అందుకే ఫైలుని తీసేయమని ప్రోగ్రాము కెర్నల్‌కి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి, చేసే సిస్టమ్ కాల్ పేరు కూడా డిలీట్ కాదు, అన్‌లింక్. పేరుకీ ఐనోడ్‌కీ ఉన్న ముడి విప్పడం. ముడి విప్పాక ఆ ఐనోడ్‌కి ఇంకే పేరూ మిగలకపోతే, పైగా ఏ ప్రోగ్రామూ దాన్ని తెరిచి పట్టుకుని లేకపోతే, అప్పుడే కెర్నల్ ఆ బ్లాకుల్ని ఖాళీ చేస్తుంది. మీ లెస్ పట్టుకుని ఉంది కాబట్టి బ్లాకులు బతికాయి.

ఇంకొకటి. ఫైళ్లు తీసేసే ఆర్‌ఎమ్ కమాండ్ 444 ఫైలు మీదికి వస్తే, "ఇది రైట్ ప్రొటెక్టెడ్, తీసేయమంటారా?" అని అడుగుతుంది. అది చూసి చాలామంది కెర్నల్ అడ్డుపడుతోందనుకుంటారు. అడిగేది ఆర్‌ఎమ్ ప్రోగ్రామే, అది దాని మర్యాద. మైనస్ ఎఫ్ పెడితే ఆ మర్యాద కూడా ఉండదు. కెర్నల్ చూసేది ఫోల్డర్ మీద డబ్ల్యు, ఎక్స్ రెండూ ఉన్నాయా అనే.


గోదారి_వెబ్ · సోమవారం మధ్యాహ్నం 1:02

మాస్టారూ, నేను తప్పు చెప్పాను. ఫార్మాట్ కొట్టమన్నాను, ఆయన నా మాట విని ఉంటే ఆ ఫైలు నిజంగానే పోయేది. తెనాలి అన్నా, సారీ. ఇప్పుడే నా మిషన్లో ప్రయత్నించి చూశాను, ఎవరికీ ఏ హక్కూ లేకుండా 000 పెట్టిన ఫైలు కూడా పోతోంది. పదేళ్లుగా వెబ్‌సైట్లు హోస్ట్ చేస్తున్నాను, అప్‌లోడ్ పనిచేయకపోతే ఫోల్డర్‌కి 777, అంటే అందరికీ అన్ని హక్కులూ, కొట్టడం అలవాటు. ఇంతకాలం నేను ఏం ఇస్తున్నానో తెలియకుండానే ఇచ్చాను.


పాత_కన్సోల్ · సోమవారం మధ్యాహ్నం 1:10

ఒప్పుకున్నందుకు సంతోషం బాబూ. వెబ్ ఫోల్డర్లకి 777 ఎక్కడెక్కడ ఉందో ఇవాళే వెతికి తీసేయండి. అప్‌లోడ్ ఫోల్డర్‌ని వెబ్ సర్వర్ నడిచే యూజర్ పేరు మీదికి మారిస్తే చాలు, మిగతా ప్రపంచానికి డబ్ల్యు ఎందుకు?


తెనాలి_ల్యాబ్ · సోమవారం మధ్యాహ్నం 2:15

ఇప్పుడు అర్థమైంది. కొత్తగా చేరినవాళ్లు రోల్ నంబరు ఫోల్డర్ తయారుచేసుకోవాలని నేనే గ్రూపుకి డబ్ల్యు ఇచ్చాను.

ఎవరు తీశారో తెలుసుకోవాలి. రూట్‌గా వెళ్లి 58 మంది బాష్ హిస్టరీ, అంటే వాళ్లు కొట్టిన కమాండ్లు దాచి ఉండే ఫైళ్లు తెరిచి చూద్దామనుకుంటున్నాను.


పాత_కన్సోల్ · సోమవారం మధ్యాహ్నం 2:24

వద్దు బాబూ. రూట్‌కి అన్నీ కనిపిస్తాయి, ఎందుకంటే పర్మిషన్ల తనిఖీ రూట్‌కి వర్తించదు. చూడగలగడం వేరు, చూడటం వేరు. పిల్లలు ఆ అకౌంట్లలో ఏవేవో సొంత సంగతులు రాసుకుని ఉంటారు. క్లాసులో జరిగింది చెప్పండి, ఫైలు దొరికిందని కూడా చెప్పండి, ఎవరినీ ఏమీ అననని చెప్పండి. తీసినవాడే వస్తాడు.


బీటెక్_రెండో_ఏడు · సోమవారం సాయంత్రం 5:40

అన్నలూ, మాస్టారూ, నాకొక సందేహం. కెర్నల్ తనిఖీ చేస్తుందంటున్నారు. నా ప్రోగ్రాము నేనే సి లో రాసుకుని, కెర్నల్‌ని అడగకుండా నేరుగా డిస్కు నుంచి ఐనోడ్ నంబరు పట్టుకుని బ్లాకులు చదివేస్తే? లేదా కెర్నల్ మెమరీలోకి పాయింటర్ పెట్టి ఓనర్ నంబరు మార్చేస్తే? నన్ను ఆపేది ఎవరు?


కెర్నల్_పిచ్చి · సోమవారం రాత్రి 9:15

తమ్ముడూ, నిన్ను ఆపేది ప్రాసెసర్. నువ్వు సి ల్యాబులో ఎప్పుడైనా ఖాళీ పాయింటర్‌లోకి రాసి సెగ్మెంటేషన్ ఫాల్ట్ తెచ్చుకున్నావు కదా? అదే ఈ కాపలా. అందరూ దాన్ని ప్రోగ్రాములో తప్పు అనుకుని వదిలేస్తారు గానీ, దాని వెనకాల పెద్ద ఏర్పాటుంది.

ప్రాసెసర్ ఎప్పుడూ ఏదో ఒక అంతస్తులో ఉంటుంది. 1982లో వచ్చిన ఇంటెల్ 80286 నుంచి పీసీ ప్రాసెసర్లలో నాలుగు అంతస్తులున్నాయి, వాటిని రింగులంటారు. లైనక్స్, విండోస్ రెండూ వాడేది రెండే. కెర్నల్ సున్నాలో, నీ ప్రోగ్రాము మూడులో. డిస్కు కంట్రోలర్‌తో మాట్లాడే ఆదేశాలు మూడో రింగులో ఇస్తే ప్రాసెసర్ ఆ ఆదేశాన్ని అమలు చేయదు, కెర్నల్‌కి కబురు పెడుతుంది. కెర్నల్ నీ ప్రోగ్రాముని ఆపేస్తుంది. మెమరీ సంగతీ అంతే. మెమరీని పేజీలుగా విడగొట్టి, ప్రతి పేజీ పక్కన ఇది యూజర్‌దా కెర్నల్‌దా అని ఒక బిట్ ఉంటుంది. నీ పాయింటర్ కెర్నల్ పేజీ వైపు చూస్తే ఆ క్షణంలోనే ఫాల్ట్. లోపలికి వెళ్లడానికి నీకున్న దారి సిస్టమ్ కాల్ ఒక్కటే, ఆ దారి ఎక్కడ తేలాలో నిర్ణయించేది కెర్నల్. ఈ రింగుల ఆలోచన మల్టిక్స్‌ది. 1960ల్లో ఎంఐటీ, బెల్ ల్యాబ్స్, జనరల్ ఎలక్ట్రిక్ కలిసి మొదలుపెట్టిన సిస్టమ్ అది. తర్వాత వచ్చిన హనీవెల్ 6180 మిషన్లో ఎనిమిది రింగులు హార్డ్‌వేర్‌లోనే ఉండేవి.

ఈ కాపలాకీ కన్నం పడింది. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపం బయటపడింది. ప్రాసెసర్లు వేగం కోసం ముందు ఆదేశం సంగతి తేలకముందే తర్వాతి ఆదేశాల్ని ఊహించి చేసేస్తాయి. చాలా ఇంటెల్ ప్రాసెసర్లలో ఆ ఊహలో కెర్నల్ పేజీ చదవడం ముందు జరిగిపోయేది, ఇది నీది కాదన్న తీర్పు తర్వాత వచ్చేది. తీర్పు వచ్చాక చదివిన విలువని పారేసేది, నిజమే. కానీ ఆ విలువ క్యాష్ అనే వేగమైన చిన్న మెమరీలో అడుగుజాడ వదిలేది. ఏ చిరునామా వేగంగా వస్తోంది, ఏది ఆలస్యంగా వస్తోంది అని గడియారం పెట్టి కొలిస్తే విలువ తెలిసిపోయేది. దానికి లైనక్స్ చేసిన పరిష్కారం, యూజర్ ప్రోగ్రాము నడిచేటప్పుడు కెర్నల్ పేజీల్ని దాదాపు మొత్తం పటంలోంచే తీసేయడం. ఆ మార్పు వచ్చిన నెలలో నేను నిద్ర సరిగా పోలేదు.

డిస్కు గురించి అడిగావు కదా, ఒక దారి ఉంది. డెవ్ డైరెక్టరీలో డిస్కు కూడా ఒక ఫైలే. దాని గ్రూపు పేరు "డిస్క్". నువ్వు ఆ గ్రూపులో ఉంటే ఫైళ్ల పర్మిషన్లన్నీ దాటుకుని బ్లాకులు నేరుగా చదువుకోవచ్చు. తెనాలి అన్నా, మీ సర్వర్‌లో డిస్క్ గ్రూపులోనూ, ప్రోగ్రాముల్ని విడి డబ్బాల్లో నడిపే డాకర్ ఉంటే డాకర్ గ్రూపులోనూ ఎవరైనా ఉన్నారేమో చూడండి. రెండూ రూట్‌తో సమానమే.


తెనాలి_ల్యాబ్ · సోమవారం రాత్రి 9:48

డిస్క్ గ్రూపులో ఎవరూ లేరు. డాకర్ గ్రూపులో ఇద్దరున్నారు! గత ఏడాది ప్రాజెక్టు కోసం ఇచ్చి మర్చిపోయాను. ఇప్పుడే తీసేశాను.


కెర్నల్_పిచ్చి · సోమవారం రాత్రి 9:55

వాళ్లు ప్రస్తుతం లాగిన్ అయి ఉంటే బయటికి పంపి మళ్లీ లాగిన్ కమ్మనండి అన్నా. గ్రూపులు ప్రాసెస్‌కి అంటుకునేది లాగిన్ సమయంలోనే. ఇప్పటికే నడుస్తున్న షెల్‌కి పాత గ్రూపు అలాగే ఉంటుంది.


ప్లేనో_తెలుగు · మంగళవారం ఉదయం 6:30

ఆలస్యంగా చేరాను, ఇక్కడ టెక్సస్‌లో రాత్రి. ఒక్క మాట. సర్వర్ ల్యాబు గదిలోనే ఉందంటే, ఎవరైనా పెన్‌డ్రైవ్‌తో వేరే లైనక్స్ బూట్ చేస్తే ఈ చర్చంతా వృథా. అప్పుడు నడిచే కెర్నల్ మీది కాదు, అందులో రూట్ వాళ్లే, మీ 444 వాళ్లకి ఉత్త అంకె. బయోస్‌కి పాస్‌వర్డ్, గదికి తాళం ముందు చూడండి. ఆ తర్వాత లక్స్ అనే లైనక్స్ ఏర్పాటుతో డిస్కు ఎన్‌క్రిప్ట్ చేస్తే విప్పి తీసుకెళ్లినా చదవలేరు. చిక్కేమిటంటే కరెంటు పోయి సర్వర్ ఆగిపోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు కీబోర్డు దగ్గరికెళ్లి పాస్‌ఫ్రేజ్ కొట్టాలి. మీ యూపీఎస్ ఎంతసేపు ఆపుతుందో చూసుకుని నిర్ణయించుకోండి.


కెర్నల్_పిచ్చి · మంగళవారం ఉదయం 8:20

నిన్న మాస్టారు చెప్పినదాంట్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది లెస్ సంగతి. దాని గురించి ఇంకాస్త రాయాలి.

పర్మిషన్ తనిఖీ జరిగేది ఫైలు తెరిచే క్షణంలోనే. ఓపెన్ అనే సిస్టమ్ కాల్‌లో కెర్నల్ అంతా చూసి, సరే అనుకుంటే ఒక చిన్న అంకె చేతిలో పెడుతుంది. అదే ఫైల్ డిస్క్రిప్టర్, తెనాలి అన్న చూసిన నాలుగో నంబరు. ఆ తర్వాత ఎన్నిసార్లు చదివినా ఆ అంకె చూపిస్తే చాలు. నువ్వెవరు, ఫైలు 444 నా 000 నా అని కెర్నల్ మళ్లీ అడగదు. సినిమా హాల్లో గేటు దగ్గర టికెట్ చించి లోపలికి పంపినట్టు. ఆ తర్వాత బయట బోర్డు మార్చినా లోపల కూర్చున్నవాణ్ని ఎవరూ లేపరు.

అంటే మీరు ఒక రహస్య ఫైలు పొరపాటున అందరికీ చదవడానికి ఇచ్చి, పది నిమిషాల తర్వాత తెలిసి 600, అంటే ఓనర్‌కి మాత్రమే, చేశారనుకోండి. ఆ పది నిమిషాల్లో తెరిచినవాడు మూసేదాకా చదువుతూనే ఉంటాడు.

1975లో ఎంఐటీకి చెందిన జెరోమ్ సాల్జర్, మైకేల్ ష్రోడర్ కంప్యూటర్లలో సమాచార రక్షణ మీద ఒక వ్యాసం రాశారు. ఈ రంగంలో ఒక్కటే చదవాలంటే నేను అదే చదవమంటాను. అందులో ఎనిమిది సూత్రాలున్నాయి. ఏ ప్రోగ్రాముకైనా తన పనికి సరిపడా హక్కు మాత్రమే ఇవ్వాలన్నది అందరికీ తెలిసిన సూత్రం. అంతగా తెలియనిది ఇంకోటుంది. ప్రతి వస్తువునీ ముట్టుకున్న ప్రతిసారీ తనిఖీ జరగాలి, ఒకసారి చూసిన ఫలితాన్ని గుర్తుపెట్టుకుని వాడుకునే ఏర్పాటుని అనుమానంగా చూడాలి అన్నారు. యూనిక్స్ వేగం కోసం సరిగ్గా అక్కడే రాజీపడింది. ఆ రాజీ నిన్న ఒక ఫైలుని బతికించింది కాబట్టి ఇవాళ దాన్ని తిట్టలేను గానీ, దాని ఖరీదు తెలిసి వాడుకోవాలి.


మానేరు_అక్క · మంగళవారం ఉదయం 11:35

నేను కరీంనగర్‌లో టీచర్‌ని. మీ అంత లోతుగా తెలియదు గానీ రోజూ చదువుతుంటాను. కెర్నల్ తమ్ముడు రాసింది చదివాక నాకు వేరే సంగతి గుర్తొచ్చి మనసు పట్టలేక రాస్తున్నాను.

కరోనా సమయంలో మా బంధువుల అబ్బాయి ఫోన్లో ఒక లోన్ యాప్ పెట్టుకున్నాడు. తీసుకున్నది 5 వేలు. యాప్ పెట్టగానే కాంటాక్టులు చూడనివ్వాలా అని అడిగింది, లోన్ కావాలి కాబట్టి సరే అన్నాడు. కట్టడం వారం ఆలస్యమైంది. వాళ్లమ్మకి, మేనమామకి, పాత హెడ్మాస్టరుకి, చివరికి గ్యాస్ బండ తెచ్చే ఆయనకి కూడా ఫోన్లు, బూతులు. పిల్లవాడు భయపడి యాప్ తీసేశాడు, సెట్టింగ్స్‌లో పర్మిషన్ కూడా తీసేశాడు. ఫోన్లు ఆగలేదు. ఎందుకు ఆగలేదో అప్పుడు మాకు అర్థం కాలేదు. ఫోన్ పాడైందనుకుని కొత్తది కొన్నారు, అప్పు మీద అప్పు చేసి.

తనిఖీ తెరిచేటప్పుడే అని మీరు రాసింది చదివాక ఇవాళ అర్థమైంది. ఒక్కసారి సరే అన్న క్షణంలో పుస్తకమంతా వాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. తర్వాత తలుపు మూస్తే ఏముంది? ఫోన్ అడగనే అడిగింది కదా, దాని తప్పేం లేదు అంటారా? నాకు అలా అనిపించడం లేదు. అవసరంలో ఉన్నవాడిని అడిగితే సరే అనక ఏమంటాడు?


కెర్నల్_పిచ్చి · మంగళవారం మధ్యాహ్నం 12:50

అక్కా, మీరన్నది నిజం. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

ఆండ్రాయిడ్ కింద ఉన్నది లైనక్స్ కెర్నలే. కానీ ఇక్కడ ఒక తెలివైన మార్పు చేశారు. ల్యాబు సర్వర్‌లో ఒక్కో మనిషికి ఒక్కో యూజర్ నంబరు ఉంటుంది. ఫోన్ వాడేది ఒక్క మనిషే కాబట్టి, ఒక్కో యాప్‌కి ఒక్కో యూజర్ నంబరు ఇచ్చారు, 10000 నుంచి మొదలవుతాయి. అందుకే ఒక యాప్ ఇంకో యాప్ సొంత ఫైళ్లని ముట్టుకోలేదు, 58 మంది విద్యార్థుల్లాగే. కాంటాక్టుల్లాంటివి దాటాలంటే పర్మిషన్ కావాలి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 ముందువరకూ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే అన్నిటికీ ఒకేసారి సరే అనాల్సి వచ్చేది. ఆ తర్వాత ఒక్కోటీ విడిగా, వాడే సమయంలో అడగడం మొదలైంది.

ఇదంతా హక్కు లేనివాణ్ని ఆపుతుంది. హక్కు ఇచ్చాక వాడు దానితో ఏం చేస్తాడన్నది కెర్నల్ చేతిలో లేదు. చదివిన కాంటాక్టుల్ని కాపీ చేసి తన సర్వర్‌కి పంపితే, ఆ కాపీ ఉన్న మిషన్ మీద మీ ఫోన్ మాట చెల్లదు. అందుకే బయటి నుంచి కట్టడి కావాల్సి వచ్చింది. 2020 డిసెంబరులో తెలంగాణ పోలీసులు ఈ లోన్ యాప్‌ల మీద కేసులు పెట్టి అరెస్టులు చేశారు. 2023 మే 31 నుంచి గూగుల్ కూడా వ్యక్తిగత రుణాల యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు అడగకూడదని నిబంధన పెట్టింది. ప్లే స్టోర్ బయట లింకు పంపి ఇన్‌స్టాల్ చేయించేవాళ్లకి అది వర్తించదు, ఇది మాత్రం పిల్లలకి గట్టిగా చెప్పండి. ఆ అబ్బాయి ఇప్పుడు ఎలా ఉన్నాడు?


మానేరు_అక్క · మంగళవారం మధ్యాహ్నం 1:15

బాగున్నాడు తమ్ముడూ. పని దొరికింది. రేపు మా పదో తరగతి పిల్లలకి ఈ సంగతి చెప్తాను.


పాత_కన్సోల్ · మంగళవారం సాయంత్రం 4:40

అమ్మా, మీ పోస్టు చదివి బాధేసింది. నష్టం జరిగినచోట కారణం దొరకడం కూడా కొంత ఊరటే.

తెనాలి బాబు ఉమ్మడి ఫోల్డర్ కథకి అన్నలాంటి కథ ఒకటి ఉంది, చెప్పి ఆపుతాను. 1960ల్లో ఎంఐటీలో సీటీఎస్ఎస్ అనే సిస్టమ్ నడిచేది. ఒకే కంప్యూటర్‌ని చాలామంది ఒకేసారి వాడుకోవడం, ఒక్కొక్కరికి ఒక పాస్‌వర్డ్ ఉండటం అనే పద్ధతికి తొలి అడుగులు అక్కడే పడ్డాయి. ఒకరోజు ఎవరు లాగిన్ అయినా, ఆ రోజు సందేశం రావాల్సినచోట సిస్టమ్‌లో ఉన్న అందరి పాస్‌వర్డులూ టకటకా ప్రింటయ్యాయి. ఆ సిస్టమ్‌ని నడిపించిన ఫెర్నాండో కార్బాటో ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో ఈ సంగతి ఆయనే చెప్పారు. కారణమేమిటంటే, ఎడిటర్ ప్రోగ్రాము రాసినప్పుడు ఒక డైరెక్టరీలో ఒక్కరే పనిచేస్తారనుకుని తాత్కాలిక ఫైలుకి ఒకటే పేరు పెట్టారు. తర్వాత సిస్టమ్ చూసుకునేవాళ్లు ఎక్కువై, ఒకే డైరెక్టరీలో కలిసి పనిచేయడం మొదలుపెట్టారు. ఒకాయన సందేశం దిద్దుతున్నాడు, అదే సమయంలో ఇంకొకాయన పాస్‌వర్డుల ఫైలు దిద్దుతున్నాడు. రెండు తాత్కాలిక ఫైళ్లు తారుమారయ్యాయి. ఎవరూ దొంగతనం చేయలేదు. పాస్‌వర్డుల్ని మామూలు అక్షరాల్లో దాచడం ఎంత ప్రమాదమో దాంతో తెలిసింది. యూనిక్స్‌లో ఆ ఫైల్లో పాస్‌వర్డు బదులు దాన్ని తిరగేసి కనిపెట్టలేనట్టు మార్చిన రూపాన్ని పెట్టారు, 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ ఆ పద్ధతిని వివరంగా రాశారు.

ఇక మీ పరిష్కారం. మార్కుల ఫైలు "రికార్డు"లోంచి తీసేసి వేరే ఫోల్డర్‌లో పెట్టండి, ఆ ఫోల్డర్ మీద గ్రూపుకి ఆర్, ఎక్స్ మాత్రమే. "రికార్డు"కి స్టికీ బిట్ పెట్టండి. అది పెడితే ఆ ఫోల్డర్‌లో ఏ పేరునైనా ఆ ఫైలు ఓనరో, ఫోల్డర్ ఓనరో, రూటో మాత్రమే తీసేయగలరు. తాత్కాలిక ఫైళ్లుండే టీఎమ్‌పీ డైరెక్టరీకి మామూలుగా ఉండేది అదే, చివర చిన్న టి అక్షరం కనిపిస్తుంది. ఈ బిట్ 1974 ప్రాంతంలో వచ్చినప్పుడు పని వేరు, తరచూ నడిచే ప్రోగ్రాముని స్వాప్ అనే డిస్కు భాగంలో అతికించి ఉంచడం. డైరెక్టరీలకి ఈ కాపలా పని 4.3 బీఎస్‌డీ అనే యూనిక్స్ రకంతో 1986లో వచ్చింది.


తెనాలి_ల్యాబ్ · బుధవారం సాయంత్రం 5:05

మార్కులు పంపేశాను. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

మాస్టారు చెప్పినట్టే నిన్న క్లాసులో చెప్పాను. సాయంత్రం ఒకబ్బాయి తనే వచ్చాడు, మొహం పాలిపోయి ఉంది. శనివారం వెళ్లేముందు తన ఫోల్డర్‌లో పాత ఫైళ్లు తీసేద్దామని ఆర్‌ఎమ్ మైనస్ ఎఫ్ స్టార్ కొట్టాడట. ముందు తన ఫోల్డర్‌లోకి సీడీ చేయడం మర్చిపోయాడు. "ఇది డైరెక్టరీ, తీసేయలేను" అని 58 వరసలు వచ్చాయట, భయపడి లాగౌట్ అయి వెళ్లిపోయాడు. ఆ ఫోల్డర్‌లో డైరెక్టరీ కానిది నా మార్కుల ఫైలు ఒక్కటే, అందుకే అదొక్కటే పోయింది. తనకి ఆ సంగతి తెలియనే తెలియదు. పక్కన కూర్చోబెట్టుకుని ఐనోడ్ నంబర్లు, ప్రాక్ ఎఫ్‌డీ అన్నీ చూపించాను. ఒక గంటసేపు కదల్లేదు.

ఒక్క చివరి సందేహం. "రికార్డు"కి 1770 (770కి ముందు స్టికీ బిట్) ఇచ్చాను. ఎల్ఎస్ కొడితే చివర మాస్టారు చెప్పిన చిన్న టి రాలేదు, పెద్ద టి వచ్చింది. ఏమైనా తప్పు చేశానా?


పాత_కన్సోల్ · బుధవారం సాయంత్రం 5:20

తప్పేం లేదు బాబూ. చివరి మూడు అక్షరాలు బయటివాళ్లవి. వాళ్లకి ఎక్స్ ఉండి స్టికీ కూడా ఉంటే చిన్న టి, ఎక్స్ లేకుండా స్టికీ ఉంటే పెద్ద టి. మీరు బయటివాళ్లకి ఏమీ ఇవ్వలేదు కాబట్టి పెద్దదే రావాలి. ఆ అబ్బాయినే ఇంకో విద్యార్థి అకౌంటుతో ఒక ఫోల్డర్ పేరు మార్చమని చెప్పి చూడండి, "అనుమతి లేదు" అని రావాలి.


తెనాలి_ల్యాబ్ · బుధవారం సాయంత్రం 5:34

వచ్చింది మాస్టారూ.